పాఠశాలల పనితనము – ఊరివారి కన్నులు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

అధ్యక్షా! పద్మశాలి కులబాంధవులారా! పోషకులగు మహాజనులారా!

విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు పెద్దలు సెలవిచ్చిరి. విద్యకు సంబంధించిన వేరొక విషయమును నేను మనవి చేసెదను.

మన పాఠశాలలలో బాలబాలికలు బొమ్మలు వ్రాయుచున్నారు, కథలు కట్టుచున్నారు, పద్యములల్లుచున్నారు. అవి ఉపాధ్యాయుని కంటబడి, పిదప బీరువాలో జేరి చెదలపాలగుచున్నవి. వార్షికోత్సవమునాడు గోడకు దగిలించినను, అతిథులు తొందరగా చూచి పోవుదురు. పగలు మగ్గము విడువజాలని తండ్రియు, కూలికి బోయిన తల్లియు చూడనే చూడరు. తనవారు చూడని పనియందు బిడ్డకు ఉత్సాహమెట్లు నిలుచును?

ఇందుకు మార్గము మన యింటనే కలదు. 2016లో ఏర్పడిన మన సిద్దిపేట జిల్లాలో జేరిన చేర్యాలయందు నకాషీలు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, దానిపై కథలను వరుసగా చిత్రింతురు. పూర్వపు పటములలో కొన్ని 40 అడుగుల పొడవుండెడివి. అవి గోడకు వ్రేలాడదీయుటకు గాదు. కూనపులివారు పటమును మన వాడకు దెచ్చి, పనులు ముగిసిన రాత్రివేళ కొంచెము కొంచెముగా విప్పుచు, మార్కండేయ భావనాఋషుల కథను పాడి చెప్పెడివారు. కవి యెంతయో సహృదయుడంత యని ఆలంకారికులు చెప్పిన మాట కిది నిదర్శనము.

మన పట్టణవాసి కాపు రాజయ్యగారు (1925–2012) ఆ నకాషీ పద్ధతిని గ్రహించి, బతుకమ్మలను, బోనములను చిత్రించి దేశఖ్యాతి గడించిరి. 1963లో ఇచ్చట లలితకళాసమితిని స్థాపించిరి. ఊరి బ్రదుకే ఆయన కుంచెకు బలము.

కావున నా మనవి యిది. నెలకొక సాయంకాలము మన సంఘభవనమున పాఠశాలల పనిని ప్రదర్శింపవలెను. వ్రాసిన బిడ్డయే నిలిచి తన పనిని వివరింపవలెను. ఉపాధ్యాయుడు దిద్ది మెరుగుపెట్టరాదు, తప్పులున్నవని దాచరాదు. ఒకరిద్దరు మేటివారివే గాక, తరగతిలోని వారందరి పనియు నుండవలెను. ముందు వరుస తల్లిదండ్రులదిగా నుండవలెను.

ఇంకొక్కటి. ఈ భవనము మన బిడ్డలకు మాత్రమే యని కొందరనవచ్చును. నకాషీలు మన కులమువారు గారు. అయినను మన పురాణమునకు రూపమిచ్చినవారు వారే. ఆ ఋణము దీరుటకు అన్ని కులముల బిడ్డలకు ఈ తలుపులు తెరువవలెను. అట్లు గానిచో మనము పురాణము వినియు దాని మర్మమెరుగని వారమగుదుము.

పోషకులారా! దీనికై మిమ్ము ధనమర్థింపను. త్రాడు, దీపము, చాప చాలును. నెలకొక సాయంకాలము మీ కన్నుల నర్థించుచున్నాను.

స్వస్తి.