శిక్షకుని ఎంపిక



డెబ్బయి ఐదు వసంతాలు నిండిన పాఠశాల ఘనతను నాకన్న ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా వివరించారు. కార్యవర్గంవారు నాకు అప్పగించిన విషయం వినడానికి చిన్నదిగా తోచవచ్చు. మన జూనియర్ కళాశాల ఫుట్‌బాల్ జట్టుకు కొత్త ముఖ్య శిక్షకుని నియమించవలసి ఉన్నది. ఏ లక్షణాలు చూసి ఎన్నుకోవాలన్న దానిపై పూర్వ విద్యార్థుల సంఘంలో రెండు పక్షాలు ఏర్పడిన సంగతి తమకు విదితమే. పేరు మోసిన క్రీడాకారుని నాగపూరు నుండో, ముంబయి నుండో రప్పించాలని ఒక పక్షం. ఓర్పుతో నేర్పగల ఉపాధ్యాయుడు దొరికితే చాలునని మరొక పక్షం. నేను రెండవ పక్షానికి చెందినవాడిని. ముందే చెప్పివేస్తే నా మాటలను ఎంతవరకు నమ్మాలో తామే నిర్ణయించుకోగలరు.

భారతదేశానికి ఫుట్‌బాల్‌లో అత్యున్నత కీర్తిని తెచ్చిన శిక్షకుడు ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఆ విశ్వవిద్యాలయ జట్టుకు ఆడి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైనచోట్ల పాఠశాలల్లో ఉపాధ్యాయ వృత్తి నిర్వహించారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు. చంద్రపూర్‌లో కూర్చుని హైదరాబాదు మాట ఎందుకని ఎవరైనా అడగవచ్చు. వార్ధా నది దాటితే వచ్చే మన రాజురా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిదే. రహీం గారు మనకు పరాయివారు కారు.

ఆ పోలీసు జట్టు చేసిన ఘనకార్యం మన మహారాష్ట్రలోనే జరిగింది. బొంబాయిలో జరుగుతుండిన రోవర్స్ కప్పు దేశంలో ఎంతో పాతదైన పోటీల్లో ఒకటి. దానిని 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు హైదరాబాదు సిటీ పోలీసు జట్టు గెలుచుకున్నది. జట్టు వెనుక పోలీసు శాఖ నిలబడి, ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చిన మాట నిజమే. అయితే ఉద్యోగమిచ్చినంత మాత్రాన బంతిని అందించడం రాదు కదా!

రహీం గారు నేర్పిన పద్ధతిని కొంచెం వివరంగా చెప్పనివ్వండి. నేటి సభలో నాకు ముఖ్యమైనది ఇదే. మన దేశపు ఆటగాళ్లకు ఆనాడు ఒక అలవాటు ఉండేది. బంతి దొరికితే వదలరు, ఒకరిని, ఇద్దరిని తప్పించుకుంటూ డ్రిబ్లింగ్ చేస్తూ పోతారు, ప్రేక్షకులు చప్పట్లు కొడతారు, బంతి పోతుంది. రహీం గారు డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టించారు. తాకిన వెంటనే బంతిని తోటివానికి అందించవలసిందే. ఎడమకాలు బలహీనమైనవారికి ఎడమకాలితో, కుడికాలు బలహీనమైనవారికి కుడికాలితో మాత్రమే ఆడే పోటీలు కూడా పెట్టించారు. ఇది తరగతి గదిలోని ఉపాయం. గుణకారం రాని పిల్లవానికి గుణకారపు లెక్కలే ఎక్కువగా ఇస్తాడు మంచి పంతులు. మేటి ఆటగాడు తన బలం చూపిస్తాడు. పంతులు పిల్లవాని బలహీనత ఎక్కడున్నదో వెదుకుతాడు.

వెదకడమంటే మైదానంలోనే కాదు. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గారు నిరుపేద కుటుంబంలోనివారు. శిక్షణకు నగరానికి రావడానికి ఆ బాలునివద్ద డబ్బులేదు. రహీం గారు అద్దె సైకిలుకు పైకమిచ్చి రప్పించుకున్నారు. ఆ బాలుడే తరువాత మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్‌లో భారతదేశానికి ఆడాడు. బొగ్గు గనుల బస్తీల నుండి, బల్లార్‌పూర్ కాగితపు మిల్లు వాడల నుండి మన బడికి వచ్చే పిల్లల్లో అటువంటివారు లేరని ఎవరు చెప్పగలరు? సాయంత్రం సాధన ముగిశాక ఇల్లు చేరడానికి బస్సు లేక ఆట మానుకున్న పిల్లవానిని గమనించే కన్ను మన శిక్షకునికి ఉండాలి.

ఇక ఓటమి మాట. మొదటి పక్షంవారు ఒక్క సంవత్సరంలో ఫలితం కనబడాలని కోరుతున్నారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో రహీం గారి జట్టు స్వర్ణ పతకం గెలిచింది. మరుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. మనవారిలో చాలామంది బూట్లు లేకుండా, వట్టి కాళ్లతో ఆడారు. పది గోల్సు! మన జిల్లా పోటీలో అటువంటి ఓటమి ఎదురైతే ఆ సాయంత్రమే శిక్షకుని రాజీనామా అడిగి ఉండేవారము. కాని నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌కు వెళ్లిన జట్టు బాధ్యత తిరిగి రహీం గారికే అప్పగించారు. అక్కడ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టుగా భారత్ నిలిచింది. చివరకు దక్కినది నాలుగవ స్థానం. ఈ నడుమ ఆయన ఊరకే కూర్చోలేదు. ఐరోపా జట్ల ఆటను అధ్యయనం చేసి, వెనుక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు నిలిచే కొత్త అమరికను మనవారికి అలవాటు చేశారు. ఆయనను హెల్సింకితోనే పక్కన పెట్టివేసి ఉంటే ఆ చదువంతా వృథా అయ్యేది.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయన క్యాన్సర్ వ్యాధిగ్రస్తులు. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాతి ఆటలో రక్షణ పంక్తికి మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆయనను కూర్చోబెట్టడమా, ఆడించడమా? రహీం గారు ఎవరూ ఊహించని పని చేశారు. వెనుక నిలిచే జర్నైల్ సింగ్‌ను సెమీఫైనల్ నుండి ముందు వరుసలో ఆడించారు. సెప్టెంబరు 4న ఫైనల్లో, మనపై ఆగ్రహంతో కేకలు వేస్తున్న లక్ష మంది ఎదుట, అదే దక్షిణ కొరియాను భారత్ 2-1తో గెలిచింది. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండవది జర్నైల్ సింగ్‌ది. పిల్లలను ఏళ్ల తరబడి ఎరిగినవారికే ఆ ధైర్యం వస్తుంది. 1963 జూన్ 11న రహీం గారు పరమపదించారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం ఆ తరువాత మనకు మళ్లీ దక్కలేదు.

మొదటి పక్షంవారి వాదనలో కొంత సత్యమున్నదని అంగీకరిస్తాను. పెద్ద పేరుంటే విరాళాలు వస్తాయి, పిల్లలు ఉత్సాహంగా చేరతారు. రహీం గారు కూడా ఆట తెలియనివారు కారు, స్వయంగా ఆడినవారే. అందువల్ల ఆడిన అనుభవం అక్కరలేదని నేను అనడం లేదు. అయితే పెద్ద పేరు గలవారు నెలకు రెండుసార్లు వచ్చి, ఫొటో దిగి, వెళ్లిపోతే మిగిలిన ఇరవై ఎనిమిది రోజులు మన పిల్లలకు ఎవరు నేర్పుతారు? మన జట్టులో తెలుగు, మరాఠీ, హిందీ, గోండీ మాట్లాడే పిల్లలున్నారు. ఏ మాటలో చెబితే ఎవరికి అర్థమవుతుందో తెలిసినవారు కావాలి. మే నెలలో చంద్రపూర్ ఎండ ఎటువంటిదో తెలిసి, సాధనను తెల్లవారుజాముకు మార్చుకునే ఇంగితమూ కావాలి!

కనుక కార్యవర్గానికి నా మనవి ఇది. దరఖాస్తుదారులను గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడంతో సరిపుచ్చకండి. ప్రతి ఒక్కరికీ మన మైదానంలో ఒక గంట, మన పిల్లలనే అప్పగించి చూడండి. అందరికన్న వెనుకబడిన పిల్లవానివద్ద ఆయన ఎంతసేపు నిలబడతాడో గమనించండి. ఎన్నుకున్న తరువాత మూడు సంవత్సరాలు గడువు ఇవ్వండి. ఆ గడువు నియామక పత్రంలోనే వ్రాయండి. జట్టులో ఎవరు ఆడాలన్నది ఆయన నిర్ణయం. విరాళమిచ్చిన వారి సిఫారసు గాని, కార్యవర్గ సభ్యుల మాట గాని అక్కడ చెల్లరాదు. హాజరు తగ్గినవాని విషయంలో మాత్రం తరగతి ఉపాధ్యాయుని మాట శిక్షకుడు వినవలసిందే.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఆ పరీక్ష జరిగే ఉదయం తాము కూడా రావాలి. అయితే వేపచెట్ల వైపు, గీతకు దూరంగా కూర్చోవాలని, మన అబ్బాయికి బంతి ఇమ్మని అక్కడినుండి కేకలు వేయరాదని ప్రార్థన.