ప్రవాస కార్మికుని ఓటు — ప్రసంగ పాఠం



పోలింగు నాడు బండి మీద ఉండి ఓటు పోగొట్టుకొన్న డ్రైవర్లు, గార్డులు ఈ సభలో ఎందరో ఉన్నారు. 2019లో నియమాలు సవరించిన పిదప అత్యవసర సేవల సిబ్బందికి పోస్టల్ బ్యాలెట్ దారి కొంత తెరుచుకొన్నది. కనుక దూరాన ఉన్న కార్మికుని ఓటును గూర్చి మీకు పీఠిక అక్కరలేదు. నేను చెప్పదలచినది గల్ఫ్ దేశాలలోని మన పౌరుల సంగతి. జగిత్యాల, సిరిసిల్ల, కోనసీమ, కడప ప్రాంతాల నుండి వెళ్ళిన తాపీ పనివారు, ఇంటి పని చేసే స్త్రీలు వారిలో ఉన్నారు.

ఆరు నెలలకు మించి విదేశంలో ఉన్నవారు సాధారణ నివాసులు కారని పూర్వం జాబితా నుండి పేరు తొలగించేవారు. 2010లో ప్రజాప్రాతినిధ్య చట్టానికి 20ఎ సెక్షను చేర్చారు. 2011 ఫిబ్రవరి నుండి అది అమలులో ఉన్నది. అన్యదేశ పౌరసత్వం పొందనివారు ఫారం 6ఎ నింపి, పాస్‌పోర్టులోని చిరునామా ఉన్న నియోజకవర్గంలో పేరు నమోదు చేయించుకోవచ్చును. అయితే ఓటు వేయుటకు ఆ పాస్‌పోర్టు చేతపట్టుకొని స్వయంగా పోలింగు కేంద్రానికి రావలెను. టిక్కెట్టు ఖర్చు ఎవరు భరించాలి? సెలవు ఎవరు ఇవ్వాలి? పాస్‌పోర్టే యజమాని బీరువాలో ఉన్నవాడు ఏమి చూపించాలి? 2024 లోక్‌సభ ఎన్నికలలో 1,19,374 మంది ప్రవాసులు నమోదై ఉండగా, ఓటు వేసినవారు 2,958 మంది. వారిలోనూ అత్యధికులు కేరళీయులే.

విదేశంలోని మన రాయబార కార్యాలయపు ప్రభుత్వోద్యోగి సర్వీసు ఓటరు. 2016 నుండి ఇట్టివారికి బ్యాలెట్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో అందుతున్నది. ముద్రించుకొని, గుర్తుపెట్టి, తపాలాలో పంపుతారు. ఆ కవరు ఇక్కడ చేరవేసేది మన తపాలా సోదరులే. అదే కార్యాలయపు గేటు వద్ద కాగితాల కోసం వరుసలో నిలబడిన మేస్త్రీకి మాత్రం ఆ కవరు లేదు!

ప్రతినిధి ద్వారా ఓటు వేయించే బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించింది. 2019లో ఆ సభ రద్దుకాగా మురిగిపోయింది. నాకు విచారం లేదు. మరొకరి చేతికిచ్చిన ఓటు ఎవరిదో ఎవరు చెప్పగలరు? 2020లో ఎన్నికల సంఘం ప్రవాసులకూ పోస్టల్ బ్యాలెట్ ఇవ్వవచ్చునని కేంద్రానికి వ్రాసింది. అది మేలైన మార్గం. కాని పదిమంది ఒక గదిలో పడుకొనే లేబర్ క్యాంపులో ఓటు రహస్యం దక్కుతుందా? ఈ అభ్యంతరాన్ని తేలికగా కొట్టివేయరాదు.

అందుచేత మన ముసాయిదా తీర్మానంలో ‘పోస్టల్ బ్యాలెట్’ అన్న మాట పక్కన ‘రాయబార కార్యాలయంలో, వారపు సెలవునాడు’ అని చేర్చవలసిందిగా సవరణ ప్రతిపాదిస్తున్నాను.