ఆయాసపడేవారికి నడక



ఉగాదినాడు జబ్బుల మాట ఏమిటని పెద్దలు కోపగించవద్దు. పచ్చడిలో చేదు ఎలాగూ తిన్నాము గదా!

ఈ షోలాపూరులో మగ్గాల చప్పుడు మధ్య, బీడీ ఆకుల మధ్య తరాలుగా కాపురముంటున్న మన తెలుగు ఇండ్లలో, పది అడుగులు వేస్తే ఆయాసపడే పెద్దవారు ఎందరో ఉన్నారు. అందరమూ దానిని ఉబ్బసమనే అంటాము. కాని చాలమందికి ఉన్నది శ్వాసనాళములు శాశ్వతముగా ఇరుకైపోయే వేరొక జబ్బు. వైద్యులు సి.ఓ.పి.డి. అంటారు. బీడీ త్రాగినవారికే వస్తుందనుకోవద్దు. ఏండ్ల తరబడి కట్టెలపొయ్యి పొగ మ్రింగిన ఆడవారికీ, దూది ధూళిలో పనిచేసినవారికీ రావచ్చును.

ఆయన లేవబోతాడు. "మామయ్యా, మీరు లేవకండి, నేను తెస్తాను" అంటుంది కోడలు. మనుమడు చెంబు అందిస్తాడు. అంతా ప్రేమే. అయితే ఆ ప్రేమే ఆయనను మంచానికి కట్టివేస్తున్నదని మేము మనవి చేస్తున్నాము.

ఎట్లాగంటారా? కదలనివాని తొడలు, పిక్కలు సన్నగిల్లుతాయి. బలము తగ్గిన కండ కొద్దిపాటి పనికే ఆమ్లమును పుట్టిస్తుంది. దానిని సరిచేయడానికి శరీరము ఊపిరి వేగమును పెంచుతుంది. ఇరుకైన నాళములలోనుండి పాత గాలి పూర్తిగా వెలుపలికి పోకముందే కొత్త గాలి లోపలికి వస్తుంది. రొమ్ము బిగుసుకుంటుంది. ఆయాసమునకు జడిసి మనిషి కదలడు. కదలనందువల్ల ఆయాసము మరింత పెరుగుతుంది.

ఒకప్పుడు వైద్యులు కూడ విశ్రాంతి తీసుకొమ్మనే చెప్పేవారు. 1952లో అమెరికా వైద్యుడు ఆల్వన్ బరాక్, ఆక్సిజను పీల్చుతూ వ్యాయామము చేసిన రోగులకు తరువాత ఆక్సిజను లేకుండానే నడిచే శక్తి పెరిగినదని వ్రాశాడు. 2015లో 65 పరిశోధనలను, 3,800 మందికి పైగా రోగులను కలిపి చూచారు. శిక్షణ పొందినవారికి ఆయాసము తగ్గినది. ఆరు నిమిషాలలో నడవగల దూరము సగటున 40 మీటర్లకు పైగా పెరిగినది. 40 మీటర్లేనా అనకండి. మంచము నుండి వీధి అరుగుదాకా రాలేనివానికి అది చిన్న సంగతి కాదు. అయితే చెడిన ఊపిరితిత్తులు బాగుపడవు; బాగుపడేవి కాళ్లు, గుండె, ధైర్యము.

మొదట వైద్యునికి చూపి, గుండె సంగతి కూడ తెలుసుకొనవలెను. వీలైతే ఫిజియోథెరపీ తెలిసినవారి ఎదుట, వారానికి రెండు మూడు దినములు, కనీసము ఆరు నుండి ఎనిమిది వారాలు చేయవలెను. సిద్ధేశ్వరుని చెరువు గట్టుదాకా పోనక్కరలేదు, ఇంటి వరండా చాలును. రెండు మూడు నిమిషాలు నడచి, ఆగి, మరల నడచి, క్రమముగా మొత్తము 20, 30 నిమిషాలకు తేవచ్చును. కొంచెము ఆయాసము రావలెను. రానిచో కండకు పని తగలలేదన్నమాట. పొట్టి మాటలు చెప్పగలుగుతూ, పాట పాడలేకుండా ఉన్నంత వేగము సరియైనది. కుర్చీలోనుండి చేతులు ఆనించకుండా లేచి కూర్చొనడమూ మంచి సాధనే. ఆయాసము ఎక్కువైతే ముందుకు వంగి బల్లకు చేతులు ఆనించి, ముక్కుతో పీల్చి, వేడి పాలు ఊదినట్లు పెదవులు ముడిచి మెల్లగా విడవవలెను. వైద్యుడు వ్రాసిచ్చిన పీల్చే మందు నడకకు ముందు తీసుకొనవలెనేమో ఆయననే అడగండి.

రొమ్ములో నొప్పి, కళ్లు తిరగడము, వ్రేలికి తగిలించే యంత్రములో ఆక్సిజను 88కి దిగువకు పడడము: వీటిలో ఏది కనబడినా వెంటనే ఆపవలెను.

మంచినీళ్ల కూజాను మంచము ప్రక్కనుండి తీసి పది అడుగుల దూరాన పెట్టండి. ఆయనతోపాటు మీరూ నడవండి. సాధన మానివేస్తే సంపాదించిన బలము నెలల్లో తరిగిపోతుంది. జబ్బు తిరగబెట్టి ఆసుపత్రిలో పడివచ్చినవారు "ఇంకేమి నడకలే" అని వదిలివేస్తుంటారు. ఇంటికి వచ్చిన నాలుగు వారాలలోపునే, వైద్యుని అనుమతితో, వారూ మొదలుపెట్టవచ్చును.