పనిముట్టు బదులు పలుకవలెను



ముప్పదియైదు సంవత్సరములు బడిపంతులుగా నుండి, యెందఱికో అక్షరములు దిద్దించిన నాకు, ఇటీవల ఒక అద్దపు పలక పాఠము చెప్పినది. ఆ పాఠమునే నేడు మీకు మనవి చేయుచున్నాను.

మా వీధి చివరి కిరాణా కొట్టులో 180 రూపాయల సరుకులు గొని, సెల్‌ఫోనుతో సొమ్ము చెల్లింపబోయితిని. మొత్తము నొక్కితిని, రహస్యసంఖ్యయైన పిన్నును నొక్కితిని. తెరపై ఒక చక్రము తిరుగుచుండెనే గాని, సొమ్ము చేరినదో లేదో తెలుపు మాట యొక్కటియు లేదు. కొంతసేపు చూచి మరల చెల్లించితిని. పిదప కొట్టువాని ఫోనునకు రెండు సందేశములు వచ్చెను! అతడు ధర్మాత్ముడు గావున రెండవ సొమ్ము తిరిగి యిచ్చెను. నా వెనుక నిలిచిన పిల్లవాడు మాత్రము "తాతగారికి ఫోను రాదు" అని నవ్వెను. సిగ్గుపడి యింటికి వచ్చి, తప్పు నిజముగా తాతదేనా యని ఆలోచించితిని.

నూతిలో చేద మునిగినప్పుడు చేతికి బరువు తెలియును. తలుపు గడియ పడినప్పుడు చప్పుడగును. లాంతరు వత్తి హెచ్చించిన వెలుగు హెచ్చును. మన పాత పనిముట్లన్నియు చేసిన పనికి వెంటనే బదులు పలికెడివి. పాత రేడియోపెట్టెనే తలచుకొనుడు. ఒక మీట త్రిప్పిన టక్కుమని చప్పుడై దీపము వెలుగును. మఱియొకటి త్రిప్పిన ముల్లు కదలును. అద్దపు తెర యన్ననో, ఎక్కడ తాకినను ఒకే నునుపు. వ్రేలికి గుఱుతు దొరకదు. కావున అది కంటికిని చెవికిని మఱింత స్పష్టముగా బదులు చెప్పవలసి యున్నది.

ఈ సంగతి యెఱిగిన పనివారు లేకపోలేదు. అమెరికాదేశమున బెల్ ప్రయోగశాలయందు జాన్ కార్లిన్ అను మనస్తత్వశాస్త్రజ్ఞు డుండెను. ఫోనులో వ్రేలు పెట్టి త్రిప్పెడు చక్రమునకు మాఱుగా నొక్కెడు బొత్తాములు పెట్టదలచినప్పుడు, వాని పేర్పును ఆతని బృందము తమలో తామే తీర్మానించుకొనలేదు. పలువిధముల పేర్చి, జనులచేత నొక్కించి, వేగమును తప్పులను లెక్కించిరి. ఆ తప్పుల నెన్నుట జనులను నిందించుటకు గాదు, పేర్పును దిద్దుటకు. 1963లో ఆ ఫోను వాడుకలోనికి వచ్చెను. పైవరుసలో ఒకటి, రెండు, మూడు ఉండు ఆ పేర్పే నేటికిని మీ సెల్‌ఫోనులో నున్నది.

మనదేశమున 2016లో యూపీఐ చెల్లింపులు మొదలయ్యెను. సొమ్ము చేరినంతనే మొత్తమును బిగ్గరగా చెప్పు చిన్నపెట్టె నేడు అనేకము కొట్లలో నున్నది, తెలుగునను పలుకును. చదువురాని కూరలమ్మికిని చెవితోనే లెక్క తెలియును. ఇది మిక్కిలి మెచ్చదగిన పని. నేను పొరబడిననాడు మా కొట్టులో అది లేదు. పుచ్చుకొనువానికి పలికిన యంత్రము ఇచ్చువానికేల పలుకరాదు?

పెద్దలారా! ఇందు రెండు మాటలు మఱువకుడు. చక్రము తిరుగుచున్నంత మాత్రమున మరల చెల్లింపకుడు. ముందు మీ ఖాతాలో సొమ్ము తగ్గినదేమో చూచుకొనుడు. రెండవది, సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కరలేదు. "మీకు సొమ్ము పంపుచున్నాము, పిన్ను నొక్కుడు" అని యెవడైన చెప్పినచో, వాడు మోసగాడు. ఒకవేళ మోసపోయినచో సిగ్గుతో దాచుకొనక, తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయుడు.

ఇక యంత్రములను తీర్చెడు చిన్నవారికి నాదొక విన్నపము. నాయనలారా! మీరు చేసిన దానిని మీ తాతగారి చేతికిచ్చి, ఏమియు చెప్పక, ప్రక్కన కూర్చుండి చూడుడు. ఆయన వ్రేలు ఎక్కడ తడబడునో అక్కడనే మీరు దిద్దవలసినది కలదు. తరగతిలో ఒక్క పిల్లవాడు లెక్క తప్పినచో వానికి మరల చెప్పుదుము. సగము తరగతి తప్పినచో, తప్పు పాఠము చెప్పిన పంతులుది. ముప్పదియైదేండ్లు నాకు బడి నేర్పినది ఇదియే.

సెలవు.