చిన్న ఊరికి చేసే సాయం



పాడేరు దాటి పెదబయలు మీదుగా కొండదారిలో వెళ్తే వచ్చే ముంచింగిపుట్టు మాది. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడేదాకా విశాఖ జిల్లాలో ఉండేవాళ్లం. అటుపక్క ఒడిశా, మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం. భగత, పోర్జ, గదబ, కోటియా, వాల్మీకి తెగలవారి నడుమ, ఉద్యోగాల మీదా చిల్లర వ్యాపారాల మీదా వచ్చి ఉండిపోయిన కొద్ది కుటుంబాలం మేము.

అంత చిన్న ఊళ్లో సంసారం ఎలా సాగుతుందని బంధువులు అడుగుతుంటారు. బాగానే సాగుతుంది. పిల్లవాడు బడి ఎగ్గొడితే వాడికంటే ముందే కబురు ఇల్లు చేరుతుంది. పక్కింటి ఆదివాసీ తల్లి గుమ్మడికాయో, నాలుగు శేర్ల చోళ్లో తెచ్చి గుమ్మంలో పెట్టి వెళుతుంది. పండుగనాడు మా సేమ్యా ఆ ఇంటికి వెళుతుంది. తెలుగు, ఉర్దూ, ఆదివాసీ ఒడియా మూడూ మా పిల్లలకు వచ్చు.

కష్టం వచ్చినప్పుడే ఇబ్బంది. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదన్నది 1/70 చట్టం. 1970 నుంచి అమల్లో ఉంది. అది న్యాయమే, ఆ నేల అక్కడివారిది. అయితే ఎన్నేళ్లున్నా మావి అద్దె ఇళ్లే. తాకట్టు పెట్టడానికి సెంటు భూమి ఉండదు. అమ్మాయికి దూరాన కాలేజీలో సీటు వచ్చినా, ఇంట్లో ఒకరు మంచాన పడినా, తెలిసినవారినే అడగాలి. ఊళ్లో అందరూ తెలిసినవారే. అందుకే నోరు పెగలదు.

ఒక ఏడాది ఒక సంస్థవారు వచ్చి, వేదిక మీద పిల్లలను నిలబెట్టి, పేరు అచ్చు వేసిన కొత్త సంచులిచ్చి ఫోటోలు తీసుకున్నారు. మనసు మంచిదే. మర్నాడు మా తరగతిలో ఒక పాప చిరిగిన పాత సంచితోనే వచ్చింది. కారణం మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. నగరంలో అయితే ఆ ఫోటో నలుగురి కంటా పడి మరుగున పడుతుంది. మా ఊళ్లో ఆ పాప పెళ్లిదాకా వెంట వస్తుంది.

దానం బహిరంగంగా ఇచ్చినా మంచిదే, పేదలకు గుట్టుగా ఇస్తే మరింత మేలని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 271వ వాక్యం బోధిస్తోంది. చిన్న ఊళ్లో ఈ మాట విలువ రోజూ తెలుస్తుంది.

కనుక మా మనవి ఇది. ఫీజు నేరుగా కాలేజీకో హాస్టలుకో కట్టండి. పుస్తకాలు, సంచులు పేరు ముద్రించకుండా ఇవ్వండి. ఈ సంచికలో దాతల పేర్లు వేయండి, మరో నలుగురు ముందుకొస్తారు. తీసుకున్నవారి పేర్లు, ఫోటోలు మాత్రం వద్దు. వారి వివరాలు కమిటీ లెక్కల పుస్తకంలో ఉంటే చాలు.

మీ సదఖాలో మా ఆదివాసీ పొరుగువారి పిల్లలకూ చోటుంచండి. గుమ్మంలో గుమ్మడికాయ పెట్టిన ఆ తల్లి మేమెవరమని అడగలేదు.

మీ దానాలను అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.