రక్తమున కొలెస్టరాలు తగ్గుట



కొలెస్టరాలు అను మాట నేడు పల్లెలయందును వాడుకలో నున్నది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములందు రచ్చబండపై కూర్చుండు పెద్దలు తమ రక్తపరీక్షల కాగితములను ఒకరికొకరు చూపుకొనుట నేనెఱుగుదును. అంకె ఎక్కువైనచో దిగులు, తక్కువైనచో సంతోషము. ఎక్కువను గూర్చి హెచ్చరించువారు పెక్కుమంది గలరు. అనుకొనని విధమున అది మిక్కిలి తగ్గినప్పుడు ఏమని గ్రహింపవలెనో చెప్పువారు తక్కువ. కావున నేటి ప్రసంగమునకు దానినే విషయముగా గైకొంటిని. నేను వైద్యుడను గాను, ఉపాధ్యాయుడను. వైద్యులవలన విన్నదియు, గ్రంథములందు చదివినదియు విన్నవింతును.

మొదట పదార్థమును విచారింతము. గ్రీకు భాషలో ఖోలే అనగా పిత్తము. స్టెరెయోస్ అనగా గట్టిది. పిత్తాశయమందలి రాళ్లలో దొరకిన ఈ ద్రవ్యమునకు ఫ్రాన్సు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు షెవ్రోల్ 1815 ప్రాంతమున ఇట్టి పేరు పెట్టెను. ఇది విషము గాదు. కణముల పొరలకును, ఆహారమును జీర్ణింపజేయు పిత్తమునకును, కొన్ని హార్మోనులకును ఇది యవసరము. దీనిలో అధికభాగమును మన శరీరమే, ముఖ్యముగా కాలేయమే, తయారుచేసికొనును. ఆహారమునుండి వచ్చునది కొంత మాత్రమే. కనుక “నేను నెయ్యి మానితిని, అందుచేతనే ఇంత తగ్గినది” అను సమాధానము ఎల్లవేళల చాలదు.

రక్తము ఒక డెసిలీటరునందు మొత్తము కొలెస్టరాలు 200 మిల్లీగ్రాములకు లోపుగా నుండుట మంచిదని వైద్యుల మతము. మందులేవియు వాడనివానికి అది 120కి దిగువగా వచ్చెనేని కారణము నరయుట యుక్తము. అట్లని ప్రతి చిన్న అంకెయు రోగచిహ్నము గాదు. కొందఱికి పుట్టుకతోనే తక్కువగా నుండును. చెడు కొలెస్టరాలనబడు ఎల్.డి.ఎల్. జన్మతః తక్కువగా నున్న కొందఱికి గుండెజబ్బులు మిక్కిలి అరుదుగా వచ్చుచున్నవని అమెరికాలో 2006లో వెలువడిన పరిశోధన తెలిపినది. మఱికొందఱు స్టాటిన్ మాత్రలు వాడుచుందురు. జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో 1973లో ఒక బూజునుండి ఈ జాతి మందులలో మొదటిదానిని కనుగొనెను. అంకెను తగ్గించుటయే వానిపని. అంకె తగ్గినదని గుండెజబ్బుగలవాడు తనంతట తాను మాత్ర మానివేయుట ప్రమాదకరము.

మాత్ర లేక, పూర్వమట్లు లేక, క్రొత్తగా తగ్గెనేని విచారింపవలసినవి కొన్ని గలవు. తీవ్రమైన జ్వరము, శస్త్రచికిత్స, గుండెపోటు వీని తరువాత కొన్ని వారములు అంకె తగ్గియుండవచ్చును. చాలినంత ఆహారము లేకపోవుట, రక్తహీనత, మద్యపానాదులచే చెడిన కాలేయము, దీర్ఘకాలపు అంటురోగములు, కొన్ని క్యాన్సరులు కూడ దీనిని తగ్గించును. కంఠమందలి థైరాయిడు గ్రంథి అధికముగా పనిచేసినను కాలేయము రక్తమునుండి ఎల్.డి.ఎల్.ను త్వరగా లాగివేయును.

మా బంధువులలో నొకరు, వరుసకు బావ, ఆత్మకూరు సమీపమున సేద్యము చేయుచుందురు. ఆయనకు పూర్వము 190 ఉన్న అంకె మందు లేకయే 104 ఆయెను. “చూచితివా బావా, నీకంటె నేనే నయము” అని నవ్విరి. “సరే బావా, మఱి పంచె నడుమున నిలుచుట లేదేమి?” అంటిని. కడుపునిండ తినుచున్నను మనిషి చిక్కుచుండెను. కాఫీ గ్లాసు పట్టిన చేయి వణకుచుండెను. రాత్రి నిద్ర లేదు. వైద్యుడు పరీక్షింపగా థైరాయిడు ఆధిక్యము బయటపడినది. కొన్ని మాసములు మందు వాడిన పిమ్మట అంకె తన పూర్వస్థానమునకు వచ్చెను. కొలెస్టరాలు పెరిగినదని ఇంటిల్లిపాది సంతోషించుట నేను చూచినది ఆ ఒక్కసారియే.

ప్రేవులు క్రొవ్వును గ్రహింపజాలని రోగములందును ఈ అంకె పడిపోవును. స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధి అట్టిది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కుటుంబమును ఆ వ్యాధి దుఃఖమున ముంచినది. ఆయన 1923లో అమెరికా చేరి, పిమ్మట లెడర్లీ పరిశోధనాలయమున పనిచేసిరి. అచ్చట ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. అది స్ప్రూ చికిత్సకు తోడ్పడినది. విరేచనము జిడ్డుగా, దుర్గంధముతో పలుమాఱు అగుచు, మనిషి పాలిపోయి చిక్కుచుండెనేని, తక్కువ కొలెస్టరాలును మేలని తలపరాదు.

చరకసంహితయందలి అష్టౌనిందితీయాధ్యాయమున అతిస్థూలునితోపాటు అతికృశుడును చెప్పబడియున్నాడు. ఆయుర్వేదమందలి మేదస్సును కొలెస్టరాలును ఒక్కటి కావు. ఐనను అతిని రెండువైపుల గమనింపవలెనను బుద్ధి మనకు క్రొత్తది గాదు. ఉదయగిరిలో చెక్కగరిటెలు చెక్కు పనివాడు గరిటె మందముగా నున్నను, మితిమీఱి పలుచనైనను ఒప్పుకొనడు గదా!

ఇక కర్తవ్యము. పాత కాగితములను పారవేయక దాచుకొనుడు. ఒక్క అంకెకంటె అంకెల నడక ఎక్కువ చెప్పును. జ్వరాదులు తగ్గిన కొన్ని వారములకు మరల పరీక్ష చేయించుకొనుడు. నెలకొకమాఱు బరువు తూచుకొనుడు. వాడు మందులన్నియు, నాటుమందులతోసహా, వైద్యునికి చూపుడు. ఆయన అవసరమని తలచిన థైరాయిడు, కాలేయ, రక్తపరీక్షలను చేయించుకొనుడు. అంకెను పెంచవలెనని నెయ్యి త్రాగుట వ్యర్థము. పొగ చూచి నిప్పును వెదకవలెను గాని పొగను విసరినచో నిల్లు దక్కదు.

ఆకలి, నిద్ర, బలము, బరువు సరిగా నున్నవానికి తక్కువ అంకెవలన దిగులక్కరలేదు. ఇవి తప్పుచున్నవానికి ఆ అంకె శుభవార్త గాదు, పిలుపు. ఆ పిలుపును ఆలస్యము చేయక విందురుగాక యని కోరుచు, సెలవు గైకొనుచున్నాను.