బొంబాయి టేకు ఓడ – మన పాత బ్లాకు

(స్వర్ణోత్సవ సభ మొదటి రోజు సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

  

"సముద్రం మీద నీ అనుభవాలు చెప్పు, తుపాన్లు గట్రా ఉంటే బాగుంటుంది" అన్నారు మన కార్యదర్శి గారు. ముప్పై నాలుగేళ్ళు ఓడల్లో తిరిగిన మాట నిజమే, తుపాన్లు చూసిన మాటా నిజమే. కానీ 1839 ఉప్పెన చూసిన కోరంగి పక్కనే పుట్టి పెరిగిన మీకు తుపాను గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? అందుకని ఒక ముసలి చెక్క ఓడ గురించి మాట్లాడతాను. రేపు పొద్దున్న సర్వసభ్య సమావేశంలో మన పెంకుల బ్లాకు సంగతి తేల్చబోతున్నాం కదా. ఆ మాట మనసులో పెట్టుకునే మాట్లాడుతున్నానని ముందే ఒప్పుకుంటున్నాను.

ఆ ఓడ పేరు ట్రింకోమలీ. ఇప్పుడు ఇంగ్లండు ఈశాన్య తీరంలో హార్టిల్‌పూల్ అనే ఊళ్ళో ఉంది. పుట్టింది మాత్రం బొంబాయిలో. నెపోలియన్ యుద్ధాల కోసం ఓడలు కట్టీ కట్టీ ఇంగ్లండులో ఓక్ కలపకు కరువొచ్చింది. దాంతో కొన్ని యుద్ధనౌకల్ని బొంబాయిలో మలబారు టేకుతో కట్టించారు. కట్టింది పార్శీల వాడియా కుటుంబానికి చెందిన జంషెడ్జీ బొమన్‌జీ. ఓడకు వెన్నెముకలాంటి అడుగు దూలం వేసిన రోజున, వాళ్ళ ఆచారం ప్రకారం అందులో వెండి మేకు కొట్టారు. మనం శంకుస్థాపనలో నవరత్నాలు వేసినట్టే అనుకోండి. 1817 అక్టోబరు 12న నీళ్ళలోకి దించారు. ఓక్‌లో ఉండే ఆమ్లం ఇనప మేకుల్ని తినేస్తుంది. టేకులో ఉండే నూనె వాటిని కాపాడుతుంది. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ ఓడ తేలుతోందంటే సగం పుణ్యం ఆ నూనెదే. ఇప్పటికీ నీటి మీదున్న బ్రిటిష్ యుద్ధనౌకల్లో అదే అన్నిటికంటే పాతది.

దాని యుద్ధాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కట్టేసరికే నెపోలియన్ సెయింట్ హెలెనాలో ఉన్నాడు. 1847 నుంచి పదేళ్ళు అట్లాంటిక్‌లో, పసిఫిక్‌లో తిరిగింది. తర్వాత నావికుల శిక్షణకు వాడారు. 1897లో విరగ్గొట్టి కలప అమ్ముకునేవాళ్ళకు అమ్మేశారు. అంటే కథ అక్కడితో అయిపోవాలి.

అయిపోలేదు. అదే ఏడాది జెఫ్రీ వీట్లీ కాబ్ అనే ధనవంతుడి శిక్షణ ఓడ బ్లాక్‌పూల్ తీరంలో గాలివానకు కొట్టుకొచ్చి ముక్కలైంది. దాని పేరు ఫూద్రాయాన్. ఒకప్పుడు నెల్సన్ ఎక్కిన ఓడ. ఆయన దాని బదులు ట్రింకోమలీని కొని, పోయిన ఓడ పేరే దీనికి పెట్టి, కుర్రాళ్ళకు సముద్రం పని నేర్పే బడిగా మార్చాడు. ఫాల్మత్‌లో, మిల్ఫర్డ్ హేవెన్‌లో, చివరికి పోర్ట్స్‌మత్ రేవులో లంగరు వేసుకుని 1986 దాకా ఆ బడి నడిచింది. పిల్లలు గుడ్డ ఉయ్యాలల్లో పడుకునేవారు, తెల్లారి లేచి డెక్కు కడిగేవారు, పడవ నడపడం, తెరచాప కట్టడం నేర్చుకునేవారు.

ఇక్కడ ఇంకో ఓడ మాట చెప్పాలి. పోర్ట్స్‌మత్‌లో దీనితో పాటు ఇంప్లేకబుల్ అనే ఓడ ఉండేది. ట్రఫాల్గర్ యుద్ధంలో ఫ్రెంచివాళ్ళ వైపు పోరాడి, ఆ తర్వాత కొద్ది రోజులకే ఇంగ్లీషువాళ్ళకు చిక్కిన ఓడ. చరిత్రలో ట్రింకోమలీ కంటే ఎన్నో రెట్లు పెద్దది. రెండో ప్రపంచ యుద్ధంతో దేశం చితికిపోయి ఉంది, మరమ్మతుకు డబ్బు లేదన్నారు. 1949 డిసెంబరులో రెండు దేశాల జెండాలూ ఎగరేసి, గౌరవంగా సముద్రం మధ్యకు తీసుకెళ్ళి, మందుగుండు పెట్టి ముంచేశారు. ముందు బొమ్మా, వెనక అలంకారమూ మాత్రం గ్రీనిచ్ మ్యూజియంలో ఉన్నాయి. ఘనమైన ఓడ మునిగింది, పిల్లలు నిద్రపోయే ఓడ మిగిలింది. కారణాలు చాలా ఉండొచ్చు. నాకు తోచేది మాత్రం, రోజూ కాలు పెట్టేవాళ్ళున్న చోట కారుతున్న చుక్కను ఎవరో ఒకరు చూస్తారు.

1987లో ఈ ఓడను బార్జి మీద ఎక్కించి హార్టిల్‌పూల్ తెచ్చారు. 1990లో మొదలైన పని 2001లో ముగిసింది. కోటి పౌండ్లకు పైగా ఖర్చయింది. 1996లో మా సరుకు ఓడ పక్కనే ఉన్న టీస్‌పోర్ట్‌లో ఆగితే, ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. వడ్రంగి ఒకాయన, నా వయసే ఉంటుంది, నేను బొంబాయిలో శిక్షణ పొందానని తెలిసి చేతికి సుత్తి ఇచ్చాడు. "కొట్టి చూడు" అన్నాడు. గట్టి చెక్క ఖంగుమంది. ఇంకోచోట కొడితే తడి గోనెసంచి మీద కొట్టినట్టు దబ్‌మంది. అక్కడ పుచ్చిపోయిందన్నమాట. ఆ మచ్చ వరకే తీసి, కొత్త కలపను ఏటవాలు అతుకు వేసి పాతదానికి కలుపుతారు. బాగున్న పాత చెక్కను ముట్టుకోరు. అన్ని పక్కటెముకలూ ఒకేసారి తీశారో, ఓడ మధ్యలో ఉబ్బి రెండు కొనలూ వాలిపోతుంది, ఇక ఆ ఆకారం తిరిగి రాదు. అందుకని ఒకటి తీసి, ఒకటి పెట్టి, ఆ తర్వాతే పక్కదాని జోలికి వెళ్ళాలి. ఓపిక పరీక్షించే పని.

పుచ్చినవన్నీ దాదాపు పై భాగంలోనే ఉన్నాయేమిటని అడిగాను. ఉప్పునీరు కలపను కాపాడుతుంది, పైనుంచి కారే వాననీరే చంపుతుంది అన్నాడాయన. నాకు ఒళ్ళు జలదరించింది. తాళ్ళరేవులో చెక్క ఓడల పని చేసిన మా తాతయ్య నా చిన్నప్పుడు అచ్చం ఇదే మాట అనేవాడు: "ఓడని చంపేది సముద్రం కాదురా, వాన." ఆయన బాడిస మా అటక మీద ఇప్పటికీ ఉంది. కోరంగీలని బర్మాలో మనవాళ్ళను పిలిచింది ఊరికే కాదు.

రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు మళ్ళీ చూశాను. తెరచాపల స్తంభాలతో, నల్ల తెల్ల చారలతో, ఫిరంగులతో ఎంత అందంగా ఉందో చెప్పలేను. బడి పిల్లలు బస్సుల్లో వచ్చి చూసి వెళ్తున్నారు. కానీ నేను వెతికింది వేరు. ఎనభై తొంభై ఏళ్ళు నడిచిన ఆ బడి ఏదీ? ఓడను పాత యుద్ధనౌక రూపానికి తెచ్చారు. 1992లో పాత పేరు తిరిగి పెట్టారు. ఫూద్రాయాన్‌లో చదువుకున్న కుర్రాడు ఇవాళ ముసలివాడై మనవడిని తీసుకొస్తే, "నా ఉయ్యాల ఇక్కడ కట్టేవాళ్ళు" అని చూపించడానికి తడుముకోవాలి. చేసినవాళ్ళను తప్పుపట్టను. యుద్ధనౌక అంటే చందాలొస్తాయి, బడి అంటే రావు. ఇది ఇంగ్లండులోనూ అంతే, మన కమిటీకి బాగా తెలుసు. వాళ్ళు ఆ దారి పట్టకపోతే ఓడే ఉండేది కాదేమో. అయినా నాకు దిగులేసింది.

ఎందుకంటే నా సొంత బడి ఓడే లేదు. నేను బొంబాయిలో టి.ఎస్. రాజేంద్ర మీద కేడెట్‌ని. 1993లో దాన్ని ఆపేసి, చదువును నవీ ముంబైలో ఒడ్డు మీద చాణక్యకు మార్చారు. మా బ్యాచి కలుసుకుంటే హోటల్లో కలుసుకుంటాం. చేత్తో తడిమి చూడటానికి ఒక్క రేకు ముక్క లేదు.

ఇక మన బ్లాకు. ఒక వర్గం పడగొట్టి స్లాబు వేద్దామంటోంది. ఇంకో వర్గం ప్రారంభోత్సవం నాటి ఫొటోలో ఉన్నట్టు తీర్చిదిద్ది, తాళం వేసి, మ్యూజియం చేద్దామంటోంది. రెండో మాట అన్నవాళ్ళంతా నా స్నేహితులే. అయినా నాకు ఇష్టం లేదు. వెనక రేకుల షెడ్డులో ఏడో తరగతి పిల్లలు ఎండకు మాడుతున్నారు. వాళ్ళు ఆ గదుల్లో కూర్చోవాలి. పోయిన నెల నేనూ, ఒక వడ్రంగీ నిచ్చెన వేసుకుని ఎక్కి, ప్రతి దూలాన్నీ సుత్తితో కొట్టి చూశాం. పెంకులు పగిలి వాన దిగిన చోట రెండు దూలాలు, కొన్ని వాసాలు పోయాయి. మిగిలినవి ఖంగుమంటున్నాయి. గోడల సంగతి నాకు తెలియదు, అది ఇంజనీరు గారు చూసి చెప్పాలి. గోడలు ఆగవని ఆయన తేలిస్తే నేను నోరెత్తను. ఆగుతాయంటే మాత్రం గది తర్వాత గది బాగు చేద్దాం. ఒక గది పూర్తయి పిల్లలు అందులో కూర్చున్నాకే రెండోది విప్పుదాం. ముందుగా పెంకులు.

ఇంకొక్క చిన్న మనవి. ఆరో తరగతి గదిలో తూర్పు కిటికీ రెక్క మీద కాంపస్ ముల్లుతో చెక్కిన పేర్లున్నాయి. వాటిని చిత్రిక పట్టి నున్నగా చేయాలని ఎస్టిమేటులో రాశారు. ఆ పద్దు కొట్టేయండి. అందులో మూడో పేరు నాది. ఆ పేరుకు నాలుగు బెత్తం దెబ్బలు కొట్టిన సైన్సు మాస్టారు ఇదిగో ముందు వరసలోనే కూర్చున్నారు. మాస్టారూ, ఆ కిటికీ ఖర్చు మొత్తం నేనే పెట్టుకుంటాను.